మూలం కావాలి

మార్కాపురం శాఖా గ్రంథాలయంలో
కిటికీ పక్కన ఇనప బీరువా.
అందులో పద్నాలుగు సంపుటాల విజ్ఞాన సర్వస్వం.
తొమ్మిదోది లేదు.
ఎవరో ఇంటికి తీసుకుపోయి ఇరవయ్యేళ్ళయింది.
'జ' నుంచి 'త' దాకా
మా ఊరికి ప్రపంచం తెలియదు.

కాశింపీరా వచ్చి అడిగాడు,
"పలక గురించి ఏమన్నా ఉందా మేడమ్?"

పదకొండో సంపుటం దించాను.
రెండు చేతులూ పెట్టి ఎత్తాలి దాన్ని,
నిద్రపోయే చంటిబిడ్డని తీసినట్టు.
పలక: పొరలుగా చీలే రూపాంతర శిల.
ఆపైన రంగు, గట్టితనం, పొరల వాలు,
ఏయే దేశాలకు ఎగుమతి,
చివర రాసినాయన పేరు,
పేరు వెనక మూడు డిగ్రీలు.
ఒక్క అచ్చుతప్పు లేదు.
ఒక్క మనిషీ లేడు.

వాడు ఫోన్ తీశాడు.
అందరూ కలిసి రాసే విజ్ఞానకోశం.
అక్కడ మనుషులే మనుషులు.
ఒకడు బావమరిది ఫ్యాక్టరీ పేరు ఇరికించాడు.
ఒకడు మన రాయి చంద్రుడి మీద కూడా దొరికిందన్నాడు,
ఇంకొకడు పదకొండు నిమిషాల్లో దాన్ని కొట్టేశాడు.
యాడో విజయనగరంలో కూర్చున్న ఒకావిడ
ఒక్క గుడిదీర్ఘం సరిచేసి
చప్పుడు చేయకుండా పోయింది.
తిరణాల లాగుంది.
జేబులు కొట్టేవాళ్ళుంటారు,
తప్పిపోయిన పిల్లాణ్ణి చంకనేసుకుని
మైకు దగ్గరికి తెచ్చేవాళ్ళూ ఉంటారు.

"నేనూ ఒక వాక్యం రాశాను మేడమ్.
రాత్రి రెండింటికి,
అబ్బకి దగ్గు ఆగకపోతే."

'పలకలు కోసే చోట లేచే దుమ్ము
కోసేవాళ్ళ ఊపిరితిత్తుల్లో చేరుతుంది.'

తెల్లారేసరికి దాని పక్కన
చిన్న అక్షరాలు: మూలం కావాలి.
మూడో రోజుకి వాక్యమే లేదు.

"మూలమంటే ఏంది మేడమ్?
మా అబ్బ బుడేసాహెబ్
ముప్పయ్యారేళ్ళు కోశాడు,
కిటికీ లేని రేకుల షెడ్డులో.
ఆయన వీపుకి చెవి ఆనిస్తే వినపడుద్ది.
అది మూలం కాదంట.
అచ్చయింది ఉండాలంట.
చదువుకున్నోళ్ళు రాసింది ఉండాలంట."

చదువుకున్నాయన రాసింది
నా ముందు తెరిచే ఉంది.
ఆయన్ని తిట్టలేను.
సుత్తి పట్టుకుని ఎన్ని ఎండలు తిరిగాడో ఈ గుట్టల్లో.
రాయిని అడిగాడు,
రాయి చెప్పింది రాశాడు.
కొట్టేసినవాణ్ణీ తిట్టలేను.
వాడే లేకపోతే
చంద్రుడి మీద మన రాయి
ఇవాళ్టికీ ఉండేది.

మూయబోతుంటే కనపడింది.
పేజీ అంచున పెన్సిల్ రాత,
వంకర అక్షరాలు, బలంగా నొక్కి:
'దుమ్ము గురించి రాయలేదే.'
పేరు లేదు. తేదీ లేదు.
దాని కింద నీలం సిరాతో వేరే చెయ్యి:
'అవును.'
ఇంకా కింద, సగం చెరిగిపోయి,
'మా అన్న కూడా.'

ఇరవై రెండేళ్ళ నుంచి
ఈ బీరువా తాళం నా కొంగుకే ఉంది.
ఈ పేజీ ఎన్నిసార్లు దుమ్ము దులిపానో.
గోడ మీది నిబంధనల్లో పన్నెండోది:
పుస్తకాలపై రాతలు కనపడితే
గ్రంథపాలకులు వెంటనే చెరిపేయవలెను.
సొరుగులో రబ్బరు ముక్క
అందుకే ఇచ్చారు.

కాశింపీరా ఫోటో తీసుకున్నాడు.
"ఇది పనికొచ్చిద్దా మేడమ్?"
పనికిరాదని ఇద్దరికీ తెలుసు.
ఒంగోలు పెద్దాసుపత్రిలో
పాత రిజిస్టర్లేమన్నా దొరుకుతాయేమో,
సోమవారం పోతానన్నాడు.
బస్సు ఎన్నింటికని నన్నే అడిగాడు.
అది మాత్రం ఏ సంపుటంలోనూ చూడక్కర్లేకుండా చెప్పాను.

ఏడింటికి దీపాలు ఆర్పే ముందు
మళ్ళీ పదకొండో సంపుటం దించి
ఆ మూడు రాతల కింద
ఇవాళ్టి తేదీ వేశాను.
పేరు రాయడానికి మాత్రం
ఇంకా ధైర్యం చాల్లేదు.