లా

హుఫూఫ్ ఖర్జూరాల షెడ్డుల
మొదటి నాడు బాబికిర్ నాకు ఏం చెప్పలే.
మూడు డబ్బలు చూపిచ్చిండు: ఖలాస్, రుజైజ్, శీశీ.
బెల్టు తిప్పిండు.
ఒక పండు తీసి ఏస్తే "ఐవా" అన్నడు.
ఇంకోటి ఏస్తే "లా".
గంతే బడి.

ఖలాస్ అంటే రంగు అనుకున్న. లా.
పొడుగు అనుకున్న. లా.
తొక్క మీది ముడుత అనుకున్న.
నాలుగుసార్లు ఐవా, అయిదోసారి లా.
రాత్రి క్యాంపుల పై మంచం మీద
కండ్లు మూస్తే పండ్లే.
కింద రాజలింగు గురక కూడ ఒక పండే,
ఏ డబ్బల ఎయ్యాల్నో తెల్వదు.

పద్దెనిమిదో రోజో, పందొమ్మిదో,
బొటనవేలు ముందుగాల పోయింది,
నేను దాని ఎనుక పోయిన.
బాబికిర్ సప్పుడు చెయ్యలే.
సప్పుడు చెయ్యకపోవుడే ఐవా అని
అది గూడ అప్పుడే నేర్సుకున్న.

షెడ్డు ఎనుక చెవి తెగిన పిల్లి ఒకటి.
నీలం డాంగ్రీ అంటే చేప తలకాయ అని దాని లెక్క.
కొత్తగ వచ్చిన లోడింగ్ పిలగాడు
గదే నీలం డాంగ్రీల దాన్ని తన్నిండు.
రెండు రోజులు మా ఎవ్వరి దగ్గరికి రాలే.
మూడోనాడు వచ్చింది,
బట్టలు చూసుడు బంద్ పెట్టి
దూరం కెల్లి నడకలు ఇన్నది.

నిరుడు కెమెరా మిషను దిగింది.
ఇంజనీరు, జోర్డాన్ పోరడు,
నోటుబుక్కు తెరిచి అడిగిండు: నీకెట్ల తెలుస్తది?
చిన్నప్పుడు మా చిన్నమ్మ తునికాకు ఏరుతుంటే
నేను గూడ గిదే అడిగిన.
ఆకునే అడుగు పో, అన్నది.
నేను చెయ్యి చూపిచ్చిన. పోరడు నవ్విండు.

నేను ఏరిన ఆరువేల పండ్లకు
ఫోటోలు తీసి మిషనుకు చూపిచ్చిండ్రు.
నేర్సుకున్నది. నాకన్న జల్ది.
ఓ దినం చాయ్ గ్లాసు పట్టుకొని చూస్తున్న:
మెడకాడ మచ్చ ఉన్న ఖలాసును
శీశీల పారేస్తున్నది, ప్రతిసారి.
గుర్తు పట్టిన. ఆ తప్పు నాది.
రంజాన్ నెల, రాత్రి డ్యూటీ, మీద జరం,
బాబికిర్ నమాజుకు పోయిన
లా అననీకి ఎవ్వరు లేని గంట.

మొన్న ఇకామా దవాఖానల
కౌంటర్ కాడి మనిషి
తలకాయ ఎత్తి అర సెకను చూసిండు.
పాస్‌పోర్టు తెరవలే. పేరు అడగలే.
వేలితోటి ఎడమదిక్కు లైను చూపిచ్చిండు.
నాకు ముందుగాల కోపం రాలే.
పని తెలిసినోని చెయ్యి అనిపిచ్చింది,
నా బొటనవేలంత జల్ది.

లైన్ల నా ముందటాయన
పక్కకు మర్రి, ఎవ్వరికి చెప్తున్నడో మరి,
"నేను పండ్ల డాక్టర్ను" అన్నడు మెల్లగ.
లైను ఒక అడుగు జరిగింది.
అప్పుడు ఎనుకకు మర్రి కౌంటర్ దిక్కు చూసిన.
ఆ వేలు ఇంక ఆడుతనే ఉన్నది.
పక్కన కుర్చీ ఒకటి, ఖాళీగ.
ఇన్నేండ్లల్ల ఆడ కూసోని
ఈయనకు ఒక్కసారన్న
లా అన్నోడు ఉన్నడా?