పద్నాలుగో పెన్సిల్

మా బడికి గంట లేదు.
ఒక తలుపు జుయ్యిమని తెరుచుకుంటే మొదటి పీరియడ్,
ఇంకోటి మూసుకుంటే రెండోది.
కిటికీ ఉంది, అరచేయంత వెడల్పు.
అందులోంచి గోధుమ చేల మీద మంచు,
ధాన్యం గోదాము,
నేను చేరినప్పట్నించీ కదలని ఒక ఎర్ర లారీ.

వాషింగ్టన్ రాష్ట్రానికి తూర్పు కొసన
మాదీ ప్రభుత్వ హైస్కూలే.
పుస్తకాల మీద జిల్లా ముద్ర ఉంటుంది,
మధ్యాహ్నం పాల డబ్బా మీద గడువు తేదీ ఉంటుంది.
పిల్లల మీదా ఉంటుంది గడువు తేదీ,
అది జడ్జి వేసింది.

నేను లెక్కలు చెబుతాను.
వృత్తలేఖినికి ముల్లు ఉంటుంది కనక లోపలికి రాదు.
దారం రాదు.
లేసులూ రావు, వీళ్ల బూట్లకి అతుక్కునే పట్టీలు.
అందుకని కాగితం పేలిక ఒక కొసను
ఒకడు బొటనవేలితో నొక్కిపట్టాలి,
రెండో కొసన చిల్లులో పెన్సిల్ పెట్టి ఇంకొకడు తిప్పాలి.
కేంద్రం కదిలితే వృత్తం కోడిగుడ్డవుతుంది.
ఒస్వాల్దో ఎప్పుడూ కేంద్రమే.
"కదలకుండా ఉండటం నాకు అలవాటే మేడమ్" అంటాడు.

పెన్సిళ్లు పద్నాలుగు.
గోల్ఫు ఆడేవాళ్లు వాడే పొట్టి రకం, వెనక రబ్బరుండదు,
తప్పు రాస్తే కొట్టేసుకోవాలి, చెరపడం కుదరదు.
పొద్దున పద్నాలుగు ఇచ్చి సంతకం,
సాయంత్రం పద్నాలుగు తీసుకుని సంతకం.
పదకొండేళ్లుగా నేను రాసిందంతా పోగేస్తే
ఎక్కువ భాగం అదే.

ఫిబ్రవరిలో ఒక గురువారం
పదమూడే వచ్చాయి.

మళ్లీ లెక్కపెట్టాను.
బల్ల కింద చూసి మళ్లీ.
హ్యాస్కెట్ రేడియోలో ఒక్క మాట అన్నాడు, అంతే,
బడి జైలయింది.
అప్పటిదాకా కాదని కాదు.
ఆ మాట పైకి అనకుండా నెట్టుకొస్తున్నాం.

చేతులు గోడకి ఆనించి, కాళ్లు ఎడంగా.
మేజోళ్లు విప్పించారు.
నోళ్లు తెరిపించారు, నాలుక ఎత్తమన్నారు.
డార్నెల్ నిన్ననే మొదటిసారి ఎక్స్ విలువ కనుక్కుని
"ఇంతేనా?" అని నోరు తెరిచాడు.
ఇవాళ ఆ నోట్లోకి టార్చి వేశారు.

పదమూడు మంది పిల్లలు.
పదమూడు పెన్సిళ్లు వచ్చాయి.
ఒకటో తరగతి తీసివేత.
లెక్కల టీచర్ని, చేయలేదు.

నలభై నిమిషాలకి తల గోక్కున్నాను.
ముడిలో వేలికి చెక్క తగిలింది.

చంకలో బిడ్డను పెట్టుకుని ఊరంతా వెతకడం
చెప్పుకుని నవ్వుకునే సామెత.
ఆ గదిలో ఎవరూ నవ్వలేదు.
పెన్సిల్‌తో పాటు రెండు వెంట్రుకలు ఊడొచ్చాయి, ఒకటి తెల్లది.
హ్యాస్కెట్ దాన్ని వెలుగుకి పట్టి చూసి
"పద్నాలుగు" అని రాసుకున్నాడు.
పిల్లలు వంగి మేజోళ్లు తొడుక్కున్నారు.
నన్నెవరూ గోడ వైపు తిరగమనలేదు.

మర్నాడు క్షమాపణ చెప్పాను,
బోర్డుకి కాదు, వాళ్ల మొహాలు చూస్తూనే.
ఒకడు ఆవలించాడు.
మిగతావాళ్లు పేజీ ఎంత అని అడిగారు.
అందరూ వెళ్లాక కాగితం పేలికలు ఏరుతూ ఒస్వాల్దో అన్నాడు:
"మీరు పెట్టుకుంటుంటే చూశాను."
మరి చెప్పలేదేం?
భుజాలెగరేశాడు.
"చెబితే మీ జుట్టు విప్పించేవాళ్లు."

జుట్టు కత్తిరించుకుందామనుకున్నాను.
కత్తిరించుకోలేదు.

జూన్‌లో వాడు పాసయ్యాడు.
అద్దె గౌను కింద అవే పట్టీల బూట్లు.
పట్టా మీద బడి పేరొక్కటే ఉంది, కంచె పేరు లేదు.
వాళ్లమ్మ రెండు బస్సులు మారి వచ్చింది,
సంచిలో ఏదో తీపి తెచ్చింది, అది గేటు దగ్గరే ఆగిపోయింది.
వచ్చినవాళ్ల పుస్తకంలో సంతకానికి
ఆమెకీ ఒక పొట్టి పెన్సిల్ ఇచ్చారు.
పేరంతా నెమ్మదిగా, గుండ్రంగా రాసింది.
నేను చూస్తూనే ఉన్నాను,
ఆమె దాన్ని తిరిగిచ్చేదాకా.