మోకాలి పద్దు

మా లిఫ్టుకు డబ్బు తినిపించాలి.
లోపల గోడకున్న ఇనప్పెట్టెలో పది తెత్రీల నాణెం వేస్తేనే
ఒళ్లు విరుచుకుని, మూలిగి, పైకి లేస్తుంది.
గ్ల్దానీలో, తొమ్మిదంతస్తుల ఈ సిమెంటు దిమ్మలో
మాది ఎనిమిదోది.
తిబ్లిసీ దీపాలన్నీ మా వంటింటి కిటికీలోంచి ఊరికే కనిపిస్తాయి.
ఊరికే వచ్చేది అదొక్కటే.

పెళ్లయిన ముప్ఫై ఒక్కేళ్లలో
డబ్బును నేనెప్పుడూ లెక్కపెట్టలేదు,
ఇంట్లోంచి తరిమాను.
జీతమొచ్చిన వారం గొర్రె మాంసం, అక్రోట్లు,
ఎదురింటివాళ్లకీ ఓ గిన్నె.
ఆఖరి వారం గులికో కొట్లో నిసియా.
అప్పు అంటే నోరు చేదవుతుంది,
నిసియా అంటే "రాసుకో" అన్నంత తేలిక.
గులికో రాసుకునేది. చెవి వెనక పెన్సిలు,
నూనె మరకల నోటుబుక్కు,
అందులో నా పేరు పక్క పేజీలోకి పాకింది.
ఒక చలికాలం గ్యాసు బిల్లు చూసి
జుంబెర్ ఫోన్లో అప్పు నొక్కాడు.
నిజంగా నొక్కడమే: ఒక్క వేలితో, మూడుసార్లు.
ఆ వేలు ఆర్నెల్లు మా కంచంలో తిన్నది.

అప్పుడు తీశాను
ఆయన ట్రాలీబస్సు నడిపిన రోజుల లాగ్‌బుక్కు.
సగం ఖాళీ.
"బయల్దేరిన వేళ", "చేరిన వేళ" అని అచ్చేసిన గడుల్లో
వచ్చిందీ పోయిందీ రాసుకుంటూ పోయాను.
నెలాఖరున కూడితే
గ్యాసునీ మందులనీ దాటేసి
అన్నిటికంటే పెద్ద అంకె
ఎటు పోయిందో నాకు గుర్తులేనిది.
ఆ గడికి గాలి అని పేరు పెట్టాను.
గాలి: నూట పద్దెనిమిది.

గాలిని పట్టుకోవాలంటే దాని ఇల్లు తెలియాలి.
పొద్దుతిరుగుడు గింజల పొట్లంలో ఉంటుంది,
బస్టాపు కాఫీ మిషన్లో,
సగం ధరకే వచ్చిందని కొన్న మూడో గొడుగులో.
లిఫ్టులో ఉంటుంది.
నేను మెట్లు పట్టాను. నూట ఇరవై ఆరు.
జుంబెర్‌కి మాత్రం రోజూ రెండు నాణేలు చేతిలో పెట్టేదాన్ని,
ఆయన కుడి మోకాలు ఆ ట్రాలీబస్సు పెడలు దగ్గరే ఉండిపోయింది కనక.

మార్చిలో లెక్క తప్పింది.
గులికో పుస్తకంలో నా బాకీ
నా పుస్తకంలో కంటే ఆరు లారిలు తక్కువ.
పోయిన ఆరైతే నిద్రపట్టేది, అలవాటే.
కలిసొచ్చిన ఆరు రాత్రంతా పక్కలో మసిలింది.
"నీ కూడికలో తప్పుంది" అన్నాను పొద్దున్నే.
గులికో పెన్సిలు కొన కొరికింది.
"నా కూడికకేం, లమారా. మీ ఇంట్లో అడుగు."

ఇంటి దాకా వెళ్లనక్కర్లేకపోయింది.
ఐదో అంతస్తు మలుపులో
ఎవరివో పచ్చడి జాడీల పక్కన, మెట్టు మీద,
కాలు చాపుకుని, టోపీ తీసి,
కొలిమి తిత్తిలా రొప్పుతున్నాడు.
"లిఫ్టు పాడైందా?"
గోడ వెనక అది ఎవర్నో మోసుకుంటూ
మూలుగుతూ పోయింది.
ఇద్దరం విన్నాం.
"గింజలు కొనుక్కుంటున్నాననుకున్నావు కదూ" అన్నాడు.
అనుకున్నాను.
మిగతా మూడంతస్తులూ ఆయన బరువు సగం నా భుజం మీద.
మాట్లాడుకోలేదు, ఊపిరి చాల్లేదు.

ఆ రాత్రి కొత్త గడి గీశాను.
స్కేలు దొరక్క చాకు వీపుతో గీస్తే వంకరొచ్చింది.
మోకాలు: రోజుకి ఇరవై తెత్రీలు.
తగ్గించరాదు, అని కింద రాసి
ఆయన చేత సంతకం పెట్టించాను.

ఇప్పుడు నేను బేకరీ నుంచి వచ్చేవేళకి
లిఫ్టు తలుపు దగ్గర నిలబడి ఉంటాడు,
నాణెం గుప్పిట్లో వెచ్చబెట్టుకుని.
నాణెం ఒకటే.
ఎందరెక్కారో ఆ ఇనప్పెట్టె చూడదు.

గాలి ఈ నెల పదకొండు.
అందులో నాలుగు ఎక్కడికి పోయాయో నాకు తెలుసు.
రాయను.