ఐదో గ్లాసు

కుటైసిలో మా ఇంటి భోజనాల బల్ల
ఇరవై ముగ్గురికి సరిపోతుంది.
లెక్కేసేటప్పుడు వంటింట్లో ఉన్నవాళ్లని కలపరు.

నాన్న తమాదా. అంటే
ఈ రాత్రి గ్లాసు ఎప్పుడెత్తాలో, ఎవరి పేరిట ఎత్తాలో
ఆయనే చెప్పాలి.
దేవుడి పేరిట ఒకటి, దేశం పేరిట ఒకటి,
పోయినవాళ్లకొకటి, పుట్టినవాళ్లకొకటి.
ఐదోది మాది.

గోడకి ఇవతల
మక్వాలా అత్త వంకాయల్లో అక్రోటు ముద్ద కూరుతోంది.
ఆమెకి వంతెనలంటే ఇష్టం.
తెల్ల వంతెన దాటేటప్పుడు అందరూ రియోని నదిని చూస్తారు,
ఆమె కమ్మీల మీంచి వంగి
అడుగున దూలాలు ఎక్కడ కలుస్తున్నాయో చూస్తుంది.
పద్దెనిమిదో ఏట
తిబిలిసి ఇంజనీరింగు కాలేజీ నుంచి ఆమెకి ఉత్తరమొచ్చింది.

ఎవరూ వద్దనలేదే, అంటుంది ఇప్పటికీ,
తప్పంతా తనదే అయినట్టు.
రాత్రి రైల్లో తోడెవరొస్తారన్నారు, అంతే.
ఈ ఏడు తమ్ముడి గది అద్దె కట్టాలి కదా అన్నారు, అంతే.
(ఆ తమ్ముడే మా నాన్న.)
నానమ్మ కాలు విరిగిన రోజు
ఇంటినిండా మనుషులుండగా
అందరి చూపూ ఒక్కసారే ఆమె వైపు తిరిగింది,
అంతే.
తలుపు ఎవరూ మూయలేదు.
గడప మీద ఒక పని పెట్టి వెళ్లారు.

నా కాలం వేరనుకున్నాను.
దరఖాస్తు మొదటి గడిలో భూగర్భశాస్త్రం అని రాశాను.
"కొండల్లో గుడారాలు, చుట్టూ మగవాళ్లు..."
అమ్మ సగంలో ఆపింది.
మిగతా సగం నేనే పూరించుకున్నాను.
కొట్టేసి టీచరు అని రాశాను.
రెండింటికల్లా ఇంటికి రావచ్చట,
పిల్లలు బడి నుంచి వచ్చే వేళకి.
ఏ పిల్లలు?
నాకప్పుడు పదిహేడు.
ఇంకా పుట్టని పిల్లలు
నా ఉద్యోగం నిర్ణయించారు.
ఇప్పటికీ పుట్టలేదు. దాని గురించి కూడా
అందరి దగ్గరా ప్రశ్నలున్నాయి.

గోడవతల కుర్చీలు కిర్రుమన్నాయి.
మగవాళ్లంతా లేచారు.
"ఈ గ్లాసు ఆడవాళ్ల పేరిట," అన్నాడు నాన్న,
"వాళ్లు లేనిదే పొయ్యి లేదు, పాట లేదు, మనం లేం."
గొంతు నిజంగానే వణికింది.
ఆయన అబద్ధమాడడు.
అదే నాకు కష్టం.

అత్త చెయ్యి ఒక్క క్షణం ఆగింది.
"ఖాచాపురి చల్లారిపోతోంది, పట్టుకెళ్లు."

పట్టుకెళ్లాను.
మా అన్న జ్వియాద్ లేచిన కుర్చీ ఖాళీగా కనిపించింది.
కూర్చున్నాను.
ధైర్యమేమీ లేదు, మోకాళ్లు పీకుతున్నాయి,
పొద్దుటి నుంచీ కాళ్ల మీదే ఉన్నాను.

ఆడవాళ్ల కోసం నిలబడ్డవాళ్లంతా
కూర్చున్న ఆడదాన్ని చూశారు.
నాన్నకి తర్వాతి మాట దొరకలేదు.
గ్లాసు ఎక్కడ పెట్టాలో తెలియక
అన్న కుర్చీ వీపు పట్టుకున్నాడు.

లోపల్నుంచి మాడు వాసన.
అత్త గుమ్మంలోకొచ్చింది,
చేతులకింకా అక్రోటు ముద్ద.
బల్ల కాళ్లని చూసింది, పైన బరువుని చూసింది,
"ఇంకో ఇద్దరు పడతారు," అంది.

వాసన గదంతా కమ్మేసింది.
ఎవరూ కదల్లేదు.
నేనూ కదల్లేదు.