అక్కడ

డండీలో పొద్దున పదకొండు. ఇంకా తెల్లవారినట్టు లేదు.
దుబాసీకి పేర్లు ఇవ్వరు, నంబరు ఇస్తారు.
లైనులో ఒక డాక్టరు, ఎక్కడో ఇంకో ఊరి క్లినిక్కులో,
పక్కన ఒక అమ్మాయి.
ఊపిరిని బట్టి పాతికేళ్ళు దాటవు.

"ఏమీ జరగలేదని చెప్పండక్కా," అంది ముందే.
"అంతవరకూ పోలేదు మేము."

అంతవరకూ. దాన్ని ఇంగ్లీషులో పెట్టాను.
ఎంతవరకు, అంది డాక్టరు,
కూర ఎంతసేపు ఉడికిందని అడిగినట్టు.
నోరు తగిలిందా? చేతులా? బట్టలున్నాయా?
చర్మానికి చర్మం రాసుకుందా?
ప్రతి ప్రశ్నా నా నాలుక మీద ఒక్క క్షణం జంకి
"అక్కడ" అయిపోయి దిగింది.
అక్కడే, అంది అమ్మాయి.
అక్కడంటే ఎక్కడ, అంది డాక్టరు.

చెవి తమ్మెకి పేరుంది మనకి, కాలి పిక్కకి ఉంది,
మోచేతికీ మణికట్టుకీ ఉంది.
నడుము దాటాక ఊళ్ళన్నిటికీ కలిపి
ఒకటే బోర్డు.
మిగతా మాటలు రెండే రకాలు:
గోడల మీద బొగ్గుతో రాసేవి, సంస్కృతంలో దాక్కునేవి.
మొదటివాటితో ఆ పిల్లని కొట్టలేను.
రెండోవాటిలోంచే ఒకటి తీసి, "యోని" అన్నాను.
"పెదవులు" అన్నాను, రెండు చోట్లకీ అదే మాట.
అటు నుంచి చిన్న దగ్గు.
తర్వాత తనూ అదే మాట పలికింది, మెల్లగా,
కొత్త చెప్పులు తొడిగి చూసుకున్నట్టు.

డాక్టరు చెప్తూ పోయింది, నేను వెనకే నడిచాను:
దీనికి మీరనుకునే అంత దూరం పోనక్కర్లేదు.
చర్మం చాలు. పొక్కున్న పెదవి కింద తగిలినా చాలు.
పొక్కు లేని రోజుల్లో తక్కువ, కానీ సున్నా కాదు.
బట్టల మీంచైతే భయపడకండి.
తువ్వాలునీ టాయిలెట్ సీటునీ వదిలేయండి, పాపం.
కాండోం కప్పినంత మేర కాస్తుంది.
కప్పని చోటు కప్పనిదే.

"అతని పెదవికి ఏదో ఉండింది. చలికి పగిలిందన్నాడు.
అబద్ధమాడాడా?"
అతనికే తెలియకపోవచ్చు.
చాలామందికి పసితనంలోనే, ఎవరో ముద్దాడితే వస్తుంది.
వచ్చాక పోదు. నరం మొదట్లో పడుకుంటుంది.

కిటికీలోంచి తే నది. రైలు వంతెన పక్కనే
ఎప్పుడో కూలిన పాత వంతెన మొండి స్తంభాలు
నీళ్ళలో అలాగే ఉన్నాయి.
వాటి పక్క నుంచే రోజూ రైళ్ళు పోతుంటాయి,
జనం శాండ్‌విచ్చులు తింటూ.

సర్పి అనే మాట గుర్తొచ్చింది. పాకేది.
మా నాయనమ్మ నడుముకి అక్కి లేస్తే
కుమ్మరి వీరస్వామి జాజుతో సింహం రాశాడు.
వీధి వీధంతా వచ్చి చూసింది.
దీని దాయాదే అది.
ఒక దాయాదికి సింహం.
ఇంకో దాయాదికి, అక్కడ.

"అక్కా, నేను చెడిపోయానా?"

పాలు చెడిపోతాయి. వాచీ చెడిపోతుంది. ఆడపిల్ల.
ఇంగ్లీషులో మూడిటికీ మూడు మాటలు.
అన్నది అన్నట్టు చెప్పాలి, అది రూలు.
పాలకి వాడే మాటే పెట్టాను.
డాక్టరు కాసేపు ఏమీ అనలేదు.
"కాదని చెప్పండి," అంది. "రెండుసార్లు చెప్పండి."
నేను మూడుసార్లు చెప్పాను. మూడోది రూలుకి బయట.

పత్తిపుల్లతో తుడిచి పంపుతారట. వారం ఆగాలట.
లైను తెగింది. ఇరవై ఆరు నిమిషాలు.
ఫారంలో ఒక గడి: భాషాపరమైన ఇబ్బందులు?
లేవు, అని నొక్కాను.

టీ పెట్టుకోడానికి లేచి
నల్లబడ్డ కిటికీ అద్దంలో నన్ను చూసుకున్నాను.
ప్రతి నవంబరులో నా కింది పెదవి మూల
ఒక చిన్న పొక్కు.
చిన్నప్పుడు పురుగు ముట్టిందని నెయ్యి రాసేవారు.
ఇక్కడ, చలికని చెప్తాను.
ఫెర్గస్‌కీ అదే చెప్పాను, రెండు శీతాకాలాలుగా,
చెప్పి ముద్దు పెట్టుకున్నాను,
పెదవుల మీదే కాదు.

ఆరింటికి వస్తాడు.
ఏ భాషలో మొదలుపెట్టాలో చూడాలి.