‘కారణం’ గడిలో

రాత్రి డ్యూటీలో నా ముందు నలభై మూడు ఇళ్లు,
ఒక్కో ఇల్లు ఒక పచ్చచుక్క.
అద్దంకి చుక్క మూడుసార్లు లేచి నీళ్లు తాగుతుంది.
కందుకూరు చుక్క రేడియో ఆపడం మర్చిపోయి
గోడవైపు తిరిగి పడుకుంటుంది.
సంతనూతలపాడు చుక్క పేరు ఏసోబు.

చీమకుర్తి క్వారీలో దిమ్మ జారినప్పుడు
నడుం కింది సగాన్ని అక్కడే దించొచ్చానంటాడు.
నవ్వుతూనే అంటాడు,
వినేవాళ్లే ఎటు చూడాలో తెలీక చెప్పులు చూసుకుంటారు.
ముప్పయ్యారేళ్లు.
అక్క తనింటికి రమ్మంటే
"వస్తే నా గ్లాసు కూడా నువ్వే కడుగుతావు" అని
కర్నూలు రోడ్డు పక్కన గది తీసుకున్నాడు.

ఆ గదిని అమర్చింది నేనే.
పరుపు కింద రేకు, తలుపుకి అయస్కాంతం,
మాట వినే పెట్టె.
పెట్టెకి పుస్తకాల తెలుగే వచ్చు.
దీపం వెలిగించు అంటే వెలిగిస్తుంది,
లైటెయ్యి అంటే క్షమించండి అంటుంది.
"నేనేమన్నా హరికథ చెబుతుండానా?"
ఆ మధ్యాహ్నమంతా కూర్చుని
లైటెయ్యి, ఫ్యానాపు, గడియ తియ్యి
నలభైసార్లు, యాభైసార్లు చెప్పించా.
సాయంత్రానికి పెట్టె మా జిల్లాదయింది.
ఇప్పుడు అతని దగ్గుకి కూడా లైటేస్తుంది.
సరిచేస్తానంటే వద్దన్నాడు.

మంచం మీంచి కుర్చీలోకి చెక్కపలక మీద జారాలి.
మొదటిరోజు పదకొండు నిమిషాలు పట్టింది.
నేను గోడకానుకుని
రెండు చేతులూ వీపు వెనక పెట్టుకుని
ఒకదాన్ని ఒకటి పట్టుకుని ఉన్నా.
ఆరో నిమిషంలో "ఆ క్యాలెండరు చూడండి మేడం, నన్ను కాదు" అన్నాడు.
ఏప్రిల్ నెల మొత్తం చదివాను.

రెండు గంటలకోసారి ఒత్తిగిల్లమని పెట్టె గుర్తుచేస్తుంది,
లేకపోతే ఒళ్లు పుండవుతుంది.
దాన్ని తిట్టి, మంచం కోడుకి కట్టిన తాడు పట్టుకుని
తనంతట తానే తిరుగుతాడు.
నా తెర మీద చిన్న అల.

మే నెల, రాత్రి రెండూ పది.
చుక్క ఎర్రబడింది. మంచం ఖాళీ.
రూలు తొంభై సెకన్లు.
పిలిచాను, పెట్టెలోంచి ఫ్యాను చప్పుడు.
మళ్లీ పిలిచాను. తలుపు తీసి ఉంది.
మొహిద్దీన్‌ని లేపి బండి తియ్యమన్నా.
ఆ పావుగంటా మిగతా నలభై రెండు ఇళ్లు
ఏం చేశాయో నాకు తెలీదు.

"రోడ్డువారన ఉండాడక్కా, కుర్చీలో.
లారీలు లెక్కపెడతండాడు."

ఫోను ఏసోబు తీసుకున్నాడు.
"ఈ టైముకి దిమ్మలు కృష్ణపట్నం పోతయ్ మేడం.
ఇంజను మూలిగేదాన్ని బట్టి ఎన్ని టన్నులో చెప్తా.
మా క్వారీ రాయేదో కూడా..."
కాసేపు లారీ ఒక్కటే వినబడింది.
"నిద్ర పట్టకపోతే వస్తంటా.
రోజూ చెప్పి రావాల్నా?"

జవాబు రూలు పుస్తకంలో ఉంది. నోటికి రాలేదు.

తెల్లారి ఫారం నింపాలి.
కారణం గడిలో మూడే ఉన్నాయి:
పడిపోవడం, అస్వస్థత, పరికర లోపం.
ఏదో ఒకటి నొక్కందే పేజీ వదలదు.
మూడోది నొక్కాను.
పనిచేసిన పరికరం మీద నింద వేసినట్టనిపించి
వెనక్కొచ్చి, వివరాల దగ్గర "లారీలు" అని రాశాను.
సుభాషిణి మేడం పిలిచి అదేంటన్నారు.
చెప్పాను. ఇంకోసారి చెప్పమన్నారు.

వారం తర్వాత కుర్చీ చేతికి ఒక బటన్ బిగించా.
నొక్కితే చుక్క నీలమవుతుంది,
బయట ఉండా, బాగుండా అని.
ఎంతసేపో చెప్పే బటన్ కూడా పెడతానన్నా.
దానికి మాత్రం ఒప్పుకోలేదు.

మా ఆఫీసు ఒంగోల్లో అదే రోడ్డు మీద,
బ్యాటరీల షాపు పైన.
అక్కడ అతని ముందు నుంచి పోయిన లారీలే
అరగంటకి మా కిటికీ అద్దాన్ని వణికిస్తాయి.

నిన్న నీలం పోయి పచ్చ వచ్చాక
పెట్టెలోంచి అతనే పిలిచాడు.
"ఏడు."
అంతే, పడుకున్నాడు.

నేను ఆరే లెక్కపెట్టాను.
డ్యూటీ దిగే టైమయినా హెడ్‌సెట్ తియ్యకుండా
కిటికీ దగ్గర నిలబడ్డా.
ఎక్కడో టీకి ఆగుంటది.