మఫ్లర్ రంగు

ఆదివారం ఆబిడ్స్‌లో
షట్టరు దించిన చెప్పుల దుకాణం ముందు
వడియాలు ఆరబెట్టినట్టు పుస్తకాలు పరిచాడు మొయిన్ భాయ్.
వాన రెండు చుక్కలు రాల్చి బెదిరించగానే
నీలం టార్పాలిన్ లాగి కప్పేశాడు,
పుస్తకాలతో పాటు మమ్మల్నీ.

నెలకోసారి కలిసేవాళ్లమే.
ఐనా ఒకరి మోకాళ్లు ఒకరికి
ఇంత దగ్గరగా తగలడం ఇదే మొదలు.
తడిసీ తడవని అట్టల వాసన,
ప్రిస్కిల్లా సంచిలోంచి
ఉప్పూ కారం చల్లిన జామకాయ వాసన.

ముందు పుస్తకాల మీదే నడిచింది మాట.
ఉపేందర్‌కి ఇప్పటికీ ఆ గొడుగు డిటెక్టివే దేవుడు.
కరెంటు స్తంభమెక్కినా జేబులో ఉంటాడట.
ఇరవయ్యోసారి చదువుతున్నా
నూట పన్నెండో పేజీ దాకా
హంతకుడెవరో తనకూ తెల్వదన్నట్టే చదువుతాడట.
ప్రిస్కిల్లాకు ఉత్తరాలు దాచుకునే పోస్ట్‌మాన్ కావాలి.
వాడు ఆఖర్న ఒక్కటీ పంచకుండా పోయాడని
ఇంటర్‌లో మూడు రోజులు అన్నం మానేసిందట.
"మూడ్రోజులా!" అంది తస్నీమ్,
"నేను ఒక్క పూటే. కాని అది బిర్యానీ పూట."

ఎక్కడ పట్టాలు మారిందో తెలియదు,
ఉన్నట్టుండి అందరం
సాయంత్రం నాలుగున్నర పిల్లలమైపోయాం.
బడి సంచి మూలకు విసిరి,
ఒక బూటు విప్పి, ఒకటి విప్పక
టీవీ ముందు.

మబ్బుల మీద రైలు నడిపే నక్క.
ఈల వేస్తే కొండకు నోరు తెరుచుకునేది.
బొగ్గు అయిపోయిన రోజు
తను చెప్పిన అబద్ధాలు పొయ్యిలో వేసి
ఇంజను లాక్కొచ్చేది.
దాని మెడలో మఫ్లర్.

"పచ్చ మఫ్లర్," అన్నాడు ఉపేందర్.
"పచ్చంటే? చిలక పచ్చా, పసుపు పచ్చా?"
"గదంతా నాకెర్క లేదు. పచ్చ!"
"నారింజ," అంది ప్రిస్కిల్లా.
అలాంటిదే అమ్మతో అల్లించుకుని
మే నెల ఎండలో మెడకు చుట్టుకుని తిరిగితే
బోయిగూడ బోయిగూడంతా నవ్విందట.
తస్నీమ్ తల అడ్డంగా ఊపింది.
"నీలం. పక్కా నీలం.
మా ఇంట్లో టీవీ నై.
పక్కింటి కిటికీ బయట మడమలెత్తి చూసినా రోజూ.
కిటికీ అద్దం కూడా నీలమే ఉండె,
ఎంత బాగుండెనో."

నేను "ఎరుపు" అన్నాను,
కోర్టులో సాక్షిలా.

మా ఇంట్లో ఉన్నది
నేను పదో తరగతికి వచ్చేదాకా
బ్లాక్ అండ్ వైట్ టీవీ.
వార్తలు చదివే ఆవిడ చీరకీ
క్రికెట్ గడ్డికీ నక్కకీ
అన్నిటికీ అదే బూడిద.
మిగతాదంతా నేను వేసుకున్నదే.
డబ్బాలో అన్నిటికంటే ముందు
ఎర్ర క్రేయాన్ అరిగిపోయింది.
ముప్పై ఏళ్లు, ఎవరూ అడగలేదు,
నేనూ అడుక్కోలేదు.

మొయిన్ భాయ్ మనవడు ఇమాద్,
పదమూడేళ్లుంటాయేమో, ఫోన్ తీశాడు.
"చూడాల్నా ఆంటీ? రెండు సెకండ్ల పని."
"వద్దు!" అన్నాం నలుగురం.
అంత కలిసి మేం దేనికీ ఎన్నడూ అనలేదు.
వాడు అప్పటికే చూసేశాడు.
ఫోన్ తొడ మీద బోర్లా పెట్టి
పెదవులు లోపలికి మడుచుకున్నాడు.
మేం వాడి ముఖం చూడకుండా
జామకాయ పంచుకున్నాం.

వాన వెలిసింది.
వెలిసిందనుకున్నాడు మొయిన్ భాయ్,
టార్పాలిన్ ఒక్క గుంజు గుంజాడు.
అంతసేపూ చేతులూ జామముక్కలూ
ప్రిస్కిల్లా నెరిసిన జుట్టూ
అన్నీ నీలంగా ఉన్నాయని
అప్పుడు తెలిసింది. ఎవరూ ఏమీ అనలేదు.
తస్నీమ్ మాత్రం గొంతు సవరించుకుంది.

నా ఒళ్లో పట్టుకు కూర్చున్న పుస్తకం
నల్లదనుకున్నాను.
ఎర్ర అట్ట.
ఆఖరి పేజీలు లేవు.
"ఎంత?" అనడిగాను ఇమాద్‌ని.

వాడు అట్టను చూశాడు, నన్ను చూశాడు,
ఏదో చెప్పబోయి మింగేసి
"నలభై," అన్నాడు.